శనివారం రాత్రి పాట: కోయంబత్తూరు, మధురై తెలుగిళ్ళలో రేడియో నిలిపిన మాట

రేడియోయే ఇంటికి పెద్ద వినోదముగా ఉన్న కాలంలో శనివారం రాత్రి తొమ్మిదిన్నర గంటలకు దేశంలోని ఆకాశవాణి కేంద్రాలు ఒకే కచేరీని వినిపించేవి. దాని పేరు జాతీయ సంగీత కార్యక్రమం. 1952 జూలైలో ఆరంభమైన ఈ కార్యక్రమంలో ఒక వారం హిందుస్తానీ విద్వాంసుని ఖయాల్ వినబడితే మరొక వారం కర్ణాటక విద్వాంసుని కీర్తన వినబడేది. టికెట్టు కొని సభకు వెళ్ళలేని కుటుంబం కూడా గొప్ప విద్వాంసుల పాటను అరుగు మీద కూర్చుని వినగలిగినది.

ఈ పాట తమిళనాడులోని కోయంబత్తూరు, మధురై ప్రాంతాల పాత తెలుగిళ్ళకు మరొక విధంగా కూడా చేరినది. ఆ ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, చదివేది, వ్రాసేది తమిళం. తెలుగు పుస్తకం లేదు, తెలుగు బడి లేదు, తెలుగు పత్రిక రాదు. అటువంటి ఇంటిలోనికి త్యాగయ్య తెలుగు, అన్నమయ్య తెలుగు వారం వారం నడిచి వచ్చిన దారి రేడియో ఒక్కటే. అయితే చెవికి చేరిన భాష అంతా మనసుకు చేరినదా? సరిహద్దు గ్రామాలలో రెండు భాషల నడుమ పిల్లలను పెంచుతున్న కుటుంబాలన్నీ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఎవరీ పాత తెలుగువారు?

విజయనగర రాజుల కాలంలోనూ, వారి తరువాతి నాయక రాజుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివెళ్ళినవి. మధురైను నాయక రాజులు 1529 నుండి 1736 వరకు ఏలినారు. వీరిలో తిరుమల నాయకుడు (1623–1659) కట్టించిన మహలు నేటికీ మధురై నగరంలో నిలిచి ఉన్నది. సైన్యంతో వెళ్ళినవారు కొందరు, నల్లరేగడి నేలలను సాగుచేయ వెళ్ళినవారు కొందరు, మగ్గం నమ్ముకొని వెళ్ళినవారు కొందరు. కమ్మ, బలిజ, రెడ్డి, రాజకంబళ కులాలవారు, నేతపనివారు, తోలుపని చేసే అరుంధతీయులు ఇలా అక్కడ స్థిరపడినారు. పాలకులే కాక కూలి చేసుకొని బ్రతికినవారు కూడా తెలుగును వెంట తీసుకొని వెళ్ళినారన్నది మరువరాదు.

వీరి వలస కథను కోవిల్పట్టి సమీపంలోని ఇడైసేవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ (1923–2021) 'గోపల్ల గ్రామం' అనే నవలగా వ్రాసినారు. ఆయన ఇంటి భాష తెలుగు, వ్రాసిన భాష తమిళం. ఆ నవలకు కొనసాగింపుగా వ్రాసిన గ్రంథానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. తెలుగువారి కథను తెలుగు తల్లి బిడ్డ తమిళంలో వ్రాయవలసి రావడంలోనే ఈ కుటుంబాల స్థితి అంతా ఉన్నది. అందులో కించపడవలసినది ఏమీ లేదు. తమిళం వారికి అన్నం పెట్టిన భాష, చదువు చెప్పిన భాష. కానీ అక్షరం లేని భాష ఒక తరం నుండి మరొక తరానికి చెవి ద్వారా మాత్రమే సాగవలెను. చెవికి ఆహారం తగ్గిన రోజు ఆ భాష ఇంటిలోనే బక్కచిక్కిపోతుంది.

రేడియో వచ్చిన వేళ

మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న, తిరుచ్చి కేంద్రం 1939 మే 16న ఆరంభమైనవి. మద్రాసు కేంద్రం తమిళంతోపాటు తెలుగులోనూ ప్రసారం చేసేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చినది. కోయంబత్తూరుకు సొంత కేంద్రం 1960లలోనూ, మధురైకు 1980లలోనూ ఏర్పడినవి. అంతవరకు ఆ రెండు ప్రాంతాలవారు దూరపు కేంద్రాలనే పట్టుకొని వినవలసి వచ్చేది.

రేడియో పెట్టె తొలిరోజులలో ధనవంతుల సొత్తు. దానిని సామాన్యునికి అందించాలని తలచినవారిలో కోయంబత్తూరు తెలుగు బిడ్డ జి.డి. నాయుడు (1893–1974) ఒకరు. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ఆయన 1941లో ప్రకటించినారు. తరువాతి కాలంలో ట్రాన్సిస్టర్ వచ్చి, కరెంటు లేని ఊరికి కూడా పాట చేరినది.

ఆ పాటలో తెలుగు ఎక్కడి నుండి వచ్చినది? కర్ణాటక సంగీత త్రిమూర్తులలో త్యాగరాజస్వామి (1767–1847) తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో జీవించి, అత్యధిక కృతులను తెలుగులో రచించినారు. శ్యామశాస్త్రి రచనలలోనూ తెలుగే ఎక్కువ. ముత్తుస్వామి దీక్షితులు ప్రధానంగా సంస్కృతంలో రచించినారు. క్షేత్రయ్య పదాలు తెలుగు, వర్ణాలలో చాలా వరకు తెలుగు. కనుక తమిళనాడులో ఏ కేంద్రం శాస్త్రీయ సంగీతాన్ని ప్రసారం చేసినా అందులో తెలుగు తప్పక వినబడేది. ప్రతి సంవత్సరం పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారు ఆరాధన నుండి పంచరత్న కృతులను ఆకాశవాణి నేరుగా ప్రసారం చేయడం ఆనవాయితీ. ఆ ఐదింటిలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగు తెలుగు. కావేరి ఒడ్డున వందలాది గొంతులు ఒక్కటై తెలుగు పాడే సమయమది.

మధురైలో 1916 సెప్టెంబరు 16న జన్మించిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతు ద్వారా అన్నమయ్య కీర్తనలు కూడా ఇంటింటికీ వెళ్ళినవి. తిరుమల తిరుపతి దేవస్థానం కొరకు ఆమె పాడిన 'బాలాజీ పంచరత్నమాల' రికార్డులు ఇందుకు ముఖ్య కారణం. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) రచించిన సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమలలో శతాబ్దాలపాటు మరుగున ఉండినవి. అవి బయటపడి, స్వరపడి, రేడియోకెక్కి, చివరకు పొగరాని వంటింటి కిటికీలో నుండి వినబడే స్థితికి వచ్చినవి.

విజయవాడ కేంద్రం ఉదయపు 'భక్తిరంజని' మరొక సంపద. బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018), మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) వంటి వారి కృషితో రామదాసు కీర్తనలు, తత్త్వాలు, జానపద భక్తిగీతాలు దానిలో చోటు చేసుకొన్నవి. కచేరీ సంగీతం తెలియనివారు కూడా గొంతు కలపగల పాటలివి.

రాత్రి దూరం తగ్గే రహస్యం

విజయవాడ నుండి కోయంబత్తూరుకు, మధురైకు గాలిలో కొలిచినా 700 కిలోమీటర్లకు పైబడిన దూరం. అంతదూరపు కేంద్రం రాత్రివేళ ఎలా వినబడేది?

మీడియం వేవ్ తరంగాలు రెండు దారులలో ప్రయాణిస్తాయి. ఒకటి నేలను అంటిపెట్టుకొని సాగే దారి. ఇది పగలు పనిచేస్తుంది, కానీ దూరం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. రెండవది ఆకాశం వైపు సాగే దారి. భూమికి పైన అయనోవరణం అనే విద్యుదావేశపు పొరలు ఉన్నవి. పగటి ఎండకు వాటిలోని అడుగు పొర బలపడి మీడియం వేవ్ తరంగాలను మింగివేస్తుంది. పొద్దు గుంకిన తరువాత ఆ పొర పలుచబడిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైకి వెళ్ళి, అక్కడి పొరను తాకి, అద్దం మీది వెలుతురువలె వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి.

ఈ కారణం చేతనే 358.4 మీటర్లు, అనగా 837 కిలోహెర్ట్జ్ మీది విజయవాడ కేంద్రం పగలంతా మౌనంగా ఉండి, చీకటి పడగానే దక్షిణాది ఊళ్ళలో పలికేది. ధ్వని కొంతసేపు పెరిగి, కొంతసేపు తగ్గి, నడుమ మరొక కేంద్రం తొంగిచూసేది. శీతకాలంలో పొద్దు పొడవకముందు లేచినవారికి భక్తిరంజని మొదటి పాటలు దొరికి, ఎండ రాగానే జారిపోయేవి. ఎఫ్.ఎం. వచ్చిన తరువాత ధ్వని తేటపడినది కానీ దూరం కుదించుకుపోయినది. ఎఫ్.ఎం. తరంగం చూపు సాగినంత మేరకే సాగుతుంది, కొండ అడ్డమైతే ఆగుతుంది. స్థానిక కేంద్రం స్పష్టంగా వినబడిన కొద్దీ దూరపు తెలుగు కేంద్రం కోసం ముల్లు తిప్పే అలవాటు తగ్గిపోయినది.

విన్నది ఎంత, తెలిసినది ఎంత?

ఇక్కడే అసలు చిక్కు. తమిళ కేంద్రం నుండి కచేరీ వచ్చినప్పుడు రాగం, తాళం, రచయిత పేరు తమిళంలో చెప్పబడతాయి. పాట తెలుగులో సాగుతుంది. పాట అర్థం ఏ భాషలోనూ చెప్పబడదు. తమిళ ఇంటిలోని శ్రోతకు అది తెలియని భాష. తెలుగింటి పిల్లవానికి కూడా అది తెలియని భాషగానే తోచడం విచారకరం. అవ్వ పెరటిలో పిలిచే పిలుపూ, విద్వాంసుడు దేవుని పిలిచే పిలుపూ ఒకే భాష అని ఆ పిల్లవానికి చెప్పేవారు లేరు.

నిజానికి త్యాగయ్య భాష అంత దూరపు భాష కాదు. ఎవరు, ఎందుకు, రారా, నన్ను, నిన్ను వంటి ఇంటి మాటలే ఆ కృతులకు పునాది. తెలియని మాటలు కొద్ది. 'బ్రోచుట' అంటే కాపాడుట. 'జాగు' అంటే ఆలస్యం. 'ఏల' అంటే ఎందుకు. తమిళంలోని 'ఏన్' దానికి దగ్గరి చుట్టం. 'తాళుట' అంటే ఓర్చుకొనుట. తమిళంలోనూ ఓర్వలేకపోవడాన్ని 'తాళాదు' అంటారు. 'మనవి' అంటే విన్నపం. తమిళంలో అర్జీని 'మను' అంటారు. 'సుంత' అంటే కొంచెం. ఇటువంటి ఇరవై ముప్పై మాటలు తెలిస్తే కృతులలో చాలా భాగం తలుపు తెరుస్తుంది. రెండు భాషలు తెలిసిన పిల్లవానికి ఇది ఒక భాష తెలిసినవానికన్నా సులభం.

లిపి మరొక అడ్డంకి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అలాగే ప, ఫ, బ, భ లకు ఒకటే. తమిళ అక్షరాలలో వ్రాసుకొంటే 'బాల' అన్నా, 'పాల' అన్నా, నుదురు అనే అర్థం గల 'ఫాల' అన్నా ఒకే విధంగా ఉంటుంది. 'గానము' పాట, 'కానము' అంటే చూడలేము; తమిళ లిపిలో ఈ రెండింటికీ తేడా కనబడదు. అందువలన తమిళంలో అచ్చయ్యే కృతుల పుస్తకాలలో అక్షరాల పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. ఆ అంకెను గమనించని గొంతులో బిడ్డ కాస్తా పాలైపోతుంది. రేడియో చేసిన మేలు ఈ విషయంలో గొప్పది. మంచి విద్వాంసుని ఉచ్చారణ చెవిలో పడితే అక్షరం చేసే తప్పును చెవి దిద్దుకొంటుంది.

అర్థం తెలియాలన్న కోరిక కొత్తదేమీ కాదు. 1940లలో రాజా అన్నామలై చెట్టియార్ వంటివారు తమిళ ఇసై ఉద్యమాన్ని నడిపినారు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడినది. తమిళ శ్రోతకు తన భాషలో పాట కావాలి, అర్థం తెలిసి వినాలి అన్నది వారి వాదం. అందులో న్యాయం ఉన్నది. కచేరీలలో తమిళ పాటలకు చోటు పెరిగినది. అయితే ఆలోచించదగినది ఒకటి ఉన్నది. అర్థం కాని పాట వద్దని తమిళ శ్రోత అడిగి సాధించుకొన్నాడు. అర్థం కాగల పాటను అర్థం తెలుసుకోకుండా వింటున్న తెలుగింటివాడు మాత్రం ఏమీ అడగలేదు.

టిబెట్టువారు నేర్పే పాఠం

ఇల్లు వదలి వచ్చినవారికి భక్తి సంగీతం భాషకు కాపలాగా ఉండడం తెలుగువారికి మాత్రమే కలిగిన అనుభవం కాదు. దీనికి ఉదాహరణ పొరుగునే ఉన్నది. 1959లో దలైలామా భారతదేశం చేరిన తరువాత వేలాది టిబెట్టు కుటుంబాలు వచ్చినవి. 1960ల ఆరంభంలో మైసూరు సమీపంలోని బైలకుప్పెలో వారికి నివాసాలు ఏర్పడినవి. తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా, కొల్లేగాలం వైపు ఒడెయరపాళ్యలో కూడా వారి గ్రామాలు ఉన్నవి. శీతకాలంలో పట్టణాలలో ఉన్ని దుస్తులు అమ్మేవారిగా వారు ఈ ప్రాంతాలకు పరిచితులే. 2006 జనవరిలో అమరావతిలో జరిగిన కాలచక్ర మహోత్సవంలో వారి మంత్రపఠనాన్ని తెలుగు నేల కూడా విన్నది.

హుణసూరు సమీపంలోని గ్యూమే తాంత్రిక మఠంలోని భిక్షువులు పఠించే తీరు విశేషమైనది. గొంతును అతి క్రింది స్థాయికి దించి, ఒక్క మనిషే పలుకుతున్నా ఆ ధ్వనిపై మరొక సన్నని ధ్వని తేలేటట్లు పఠిస్తారు. పొడవైన ఇత్తడి కొమ్ములు, తాళాలు, పెద్ద డప్పు తోడుంటాయి. పాట ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ వంగాలో తెలిపే వంపుగీతలను గ్రంథాలలో గీసి ఉంచుతారు. అమెరికా పండితుడు హ్యూస్టన్ స్మిత్ 1964లో భారతదేశంలోనే ఈ తరహా పఠనాన్ని రికార్డు చేయగా అది ప్రపంచమంతటా వినబడినది. పాశ్చాత్య దేశాలలోని కొన్ని చిన్న రేడియో కేంద్రాలలో హిందుస్తానీ, కర్ణాటక సంగీతాల సరసన ఈ పఠనాలను వినిపించే వారపు కార్యక్రమాలు కూడా వెలసినవి.

ఆ మంత్రాల భాష పాతది, గ్రాంథికమైనది. సామాన్య టిబెట్టు గృహస్థునికి కూడా అది తేలికగా అర్థం కాదు. అయినా వారి భాష నిలిచినది. కారణం పాట ఒక్కటే కాదు. పాటతోపాటు అక్షరాన్ని కూడా వారు వెంట తెచ్చుకొన్నారు. నివాసాల పక్కనే బడులు పెట్టి పిల్లలకు టిబెట్టు లిపి నేర్పినారు. మఠంలో కంఠస్థం చేసిన దానికి అర్థం చెప్పే గురువు, ప్రశ్న వేసే తోటి విద్యార్థి ఉంటారు. ఆకాశవాణి విదేశీ విభాగం టిబెట్టు భాషలో ప్రసారాలు చేసినది. 1996 నుండి 'వాయిస్ ఆఫ్ టిబెట్' అనే ప్రసారం కూడా సాగినది. పాట, అక్షరం, అర్థం అనే మూడు కాళ్ళ మీద వారి పీట నిలిచినది. కోయంబత్తూరు, మధురై తెలుగిళ్ళలో ఆ మూడింటిలో పాట ఒక్కటే మిగిలినది.

ఇంటిలో చేయదగినది

తమిళనాడులో 2006 చట్టం ప్రకారం 2006–07 నుండి ఒకటవ తరగతితో మొదలుకొని తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయినది. ఆ రాష్ట్రంలో బ్రతికే పిల్లలు తమిళం చక్కగా నేర్చుకోవలసినదే. తెలుగు బడి ఊరిలో లేనప్పుడు తెలుగు బాధ్యత ఇంటి మీద పడుతుందన్నది మాత్రం స్పష్టం.

పాట దొరకడం నేడు కష్టం కాదు. మీడియం వేవ్ కేంద్రాలు చాలా చోట్ల మూతపడినా, ఆకాశవాణి ప్రసారాలు మొబైల్ ఫోనులో దొరుకుతున్నవి. 2016 జనవరి 26న 'రాగం' అనే 24 గంటల శాస్త్రీయ సంగీత ప్రసారం ఆరంభమైనది. వెనుకటివలె పొద్దు గుంకే వరకు ఆగవలసిన పని లేదు. అయితే ఎప్పుడైనా వినగలిగినది ఎప్పుడూ వినకుండా పోయే ప్రమాదం ఉన్నది. వారానికొక గంట అన్న పాత నియమమే ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చోబెట్టినది. ఆ నియమాన్ని ఇంటిలో తిరిగి పెట్టుకోవచ్చును.

వారానికి ఒక్క కృతి చాలు. మొదటిసారి ఊరక వినాలి. రెండవసారి తెలిసిన మాటలను పిల్లలచేత చెప్పించాలి. తెలియని మాటలను ఒక నోటుపుస్తకంలో తమిళ అక్షరాలలోనే వ్రాసి, పక్కన అర్థం వ్రాయాలి. ఆ మాట కిందనే తెలుగు అక్షరాలలో మరొకసారి వ్రాస్తే బాల, పాల తేడా కంటికి కూడా తెలుస్తుంది. ఇలా సంవత్సరం గడిస్తే యాభై పాటలు, వాటితోపాటు అక్షరమాలలో ఎక్కువ భాగం చేతికి వస్తాయి.

రేడియోకెక్కని పాటలు కూడా ఇంటిలో ఉంటాయి. లాలిపాట, పెళ్ళిలో నలుగు పాట, నాట్లపాట, సంక్రాంతి పాట వంటివి ఏ కేంద్రమూ ప్రసారం చేయకపోవచ్చు. వాటిని ఫోనులో రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ చెప్పించి భద్రపరచవలెను. అవ్వ చెప్పే 'ఉండాది', 'వస్తుండాడు' వంటి మాటలను తప్పులని దిద్దరాదు. అవి దక్షిణాది తెలుగు రూపాలు.

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఇందులో ప్రత్యేకమైన పాత్ర ఉన్నది. ఇక్కడి పిల్లలలో చాలామంది రెండు లిపులూ చదువగలరు. కోయంబత్తూరు వైపో, మధురై వైపో చుట్టరికం కలిగిన ఇల్లు ఒక కృతికి తమిళంలో అర్థం వ్రాసి ఉత్తరంలోనో, ఫోనులోనో పంపితే అక్కడి తెలుగింటిలో అది పాఠమవుతుంది. అక్కడి అవ్వ పాట ఇక్కడికి వస్తే, ఇక్కడ మరచిపోయిన మాట తిరిగి దొరుకుతుంది.

దీనికి కమిటీ అక్కరలేదు, చందా అక్కరలేదు. వచ్చే శనివారం రాత్రి ఒక పాట పెట్టి, ఇంటిలోని పెద్దామెను పక్కన కూర్చోబెట్టుకొని, ఇందులో ఏమంటున్నాడు అవ్వా అని పిల్లలు అడిగితే చాలు. ఆమెకు సగమే తెలియవచ్చును. ఆ సగం ఆమె దగ్గర తప్ప మరెక్కడా లేదు.